మాల తీశాక మళ్లీ మద్యమేనా? తోటివారి సమావేశాలే ఊతం

తరిగొప్పుల: కార్తీక మాసం వచ్చిందంటే పల్లెల్లో నల్ల దుస్తుల సందడి మొదలవుతుంది. ఏడాది పొడవునా మద్యం లేనిదే పూట గడవని వ్యక్తి సైతం అయ్యప్ప మాల ధరించి మండలం రోజులు చుక్క ముట్టకుండా ఉంటాడు. శబరిమల నుంచి తిరిగివచ్చి మాల తీసిన వారానికే బెల్టు దుకాణం వద్ద ప్రత్యక్షమవుతాడు. నలభై ఒక్క రోజులు మానినవాడు నలభై రెండో రోజు ఎందుకు మానలేడన్నది ఇల్లాళ్లను వేధించే ప్రశ్న. మనోనిగ్రహం లేదని ఊరు తీర్పు చెబుతుంది. అది సగం నిజమే. దీక్షలో ఉన్నన్నాళ్లు అతడు ఒంటరి కాడు. తెల్లవారుజామున తనలాంటి వారితో కలిసి చన్నీటి స్నానం, సాయంత్రం పీఠం వద్ద భజన, తడబడితే మందలించే గురుస్వామి, ఎదురైన ప్రతివారి నోట 'స్వామీ' అన్న పిలుపు. మాలతో పాటు ఆ బృందం కూడా విడిపోతుంది. మద్యం మానదలచిన వారికి ఏడాదంతా అటువంటి తోడును సమకూర్చేవే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు. క్లుప్తంగా 'ఏఏ' అంటారు.

ఇద్దరితో మొదలు..
1935లో అమెరికాకు చెందిన బిల్ విల్సన్ అనే వాటాల వ్యాపారి పని మీద ఏక్రన్ పట్టణానికి వెళ్లాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వెళ్లిన పని చెడిపోయింది. బస చేసిన హోటల్‌లోని బారు అతడిని పిలుస్తున్నట్లనిపించింది. ఆ క్షణాన ఆయన వైద్యుడి కోసమో, పూజారి కోసమో కాక, తనలాగే తాగుడుతో సతమతమవుతున్న మరో మనిషి కోసం వెతికాడు. అలా దొరికినవాడు బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. ఒకరి గోడు ఒకరు చెప్పుకోవడమే మందుగా పనిచేసింది. ఆ ఇద్దరి కలయికే ఏఏకు పునాది. భారతదేశంలో ఈ సమావేశాలు 1957లో ఆరంభమయ్యాయి. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో దశాబ్దాలుగా సాగుతున్నాయి.

ఇది మాటలతో కాలక్షేపం కాదా అని సందేహించేవారు లేకపోలేదు. 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్షలో పరిశోధకులు 27 అధ్యయనాలను, పది వేలకు పైగా బాధితుల వివరాలను పరిశీలించారు. మద్యానికి పూర్తిగా దూరంగా నిలబడే విషయంలో ఏఏ, దానికి అనుసంధానమైన చికిత్స ఇతర పద్ధతుల కంటే మెరుగైన ఫలితమిచ్చాయని తేల్చారు. అయితే అందరికీ ఇదొక్కటే మార్గమని అనుకోరాదు. మందులు, మానసిక వైద్యుల సలహాలు దీనికి పోటీ కావు, తోడు మాత్రమే.

అవసరం మనకే ఎక్కువ..
2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 43.3 శాతం మంది మద్యం సేవిస్తున్నారు. అరుణాచల్ ప్రదేశ్ తర్వాత దేశంలో మనదే స్థానం. మహిళల్లోనూ ఇది 6.7 శాతం. మద్యానికి బానిసలైన వారిలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రూపంలో సాయం అందుతోందని కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెల్లడించింది. మిగిలిన 37 మంది ఇళ్లలోనే ఉన్నారు. వారిలో మన బంధువులు, పక్కింటివారు ఉంటారు.

'నేను కల్లే తాగుతాను, మందు కాదు' అన్న వాదన మన ప్రాంతంలో తరచూ వినిపిస్తుంది. కల్లులోనూ ఉన్నది ఆల్కహాలే. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రజోలం వంటి మత్తు మందులు కలుపుతున్న ఉదంతాలు రాష్ట్రంలో పలుమార్లు బయటపడ్డాయి. దానికి అలవాటుపడిన వారు మానడం మరింత కష్టం.

ముందు ఆసుపత్రి.. తర్వాతే సమావేశం
ఏళ్ల తరబడి రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే శరీరం తిరగబడుతుంది. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం తొలి లక్షణాలు. కొందరికి మొదటి రెండు రోజుల్లోనే మూర్ఛ వస్తుంది. రెండు మూడు రోజులు గడిచాక లేని మనుషులు కనిపించడం, మతి తప్పి మాట్లాడటం మొదలైతే ప్రాణాపాయం ఉన్నట్లే. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగితే కాలం చేజారుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి లక్షణాలతో బాధితులు పెద్దఎత్తున తరలివచ్చిన సంగతి తెలిసిందే. మాల వేసుకోవాలనుకునే వారు సైతం ముందు వైద్యుడిని కలవడం మేలు. జనగామలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఎలా వెతకాలి?
2016లో కొత్త మండలంగా ఏర్పడిన తరిగొప్పుల నుంచి నర్మెట్ట మీదుగా జనగామ చేరితే అటు వరంగల్‌కు, ఇటు సికింద్రాబాద్‌కు బస్సులు, రైళ్లు ఉంటాయి. బయలుదేరే ముందే వివరాలు తెలుసుకోవాలి. ముంబైలోని ఏఏ జాతీయ కార్యాలయం వెబ్‌సైటులో సమావేశాల వివరాలు దొరుకుతాయి. అక్కడి నంబరుకు ఫోన్ చేసి ఏ రోజు, ఏ సమయానికి, ఏ భాషలో జరుగుతుందో అడగాలి. గదులు మారుతుంటాయి కాబట్టి పాత చిరునామా పట్టుకుని వెళ్లరాదు. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి ఉచిత సహాయవాణి 14446కు ఫోన్ చేస్తే దగ్గరలోని చికిత్స కేంద్రం గురించి చెబుతారు. మానసిక ఆందోళన ఎక్కువగా ఉంటే 14416 టెలీ మానస్‌కు రాత్రిపగలు ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రయాణం వీలుకాని వారికి సెల్‌ఫోన్‌లోనే ఆన్‌లైన్ సమావేశాలున్నాయి. కరోనా కాలంలో అవి బాగా పెరిగాయి. దారి ఖర్చుల గురించి వెనుకాడేవారు ఒక్క లెక్క వేసుకుంటే చాలు. ఒక క్వార్టరు సీసా డబ్బుతో జనగామకు వెళ్లి రావచ్చు.

లోపల ఏం జరుగుతుంది?
ఫీజు లేదు, దరఖాస్తు లేదు, కులం మతం అడగరు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. గంట, గంటన్నర సాగే సమావేశంలో ఒక్కొక్కరు తమ అనుభవం చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, నీతులు చెప్పరు. మాట్లాడటం ఇష్టం లేకపోతే 'ఈరోజు వింటాను' అని ఊరకుండవచ్చు. చివర్లో చందా పళ్లెం తిరుగుతుంది. వేయడం, వేయకపోవడం వారి ఇష్టం. బయటి విరాళాలు స్వీకరించరాదన్నది సంస్థ నియమం. ప్రార్థన ఉంటుంది గానీ ఏ మతానికీ చెందదు. జీవితాంతం మానతానని ప్రమాణం చేయమని అడగరు. ఈ ఒక్క రోజు తాగకుండా గడపడమే లక్ష్యం. దసరా దావతులో, చావు దినం నాడు చుట్టాలు బలవంతం చేస్తే ఏమని తప్పించుకోవాలన్నది అక్కడ నేర్చుకోదగిన విద్య. కొన్నాళ్లకు పాత సభ్యుల్లో ఒకరిని స్పాన్సర్‌గా ఎంచుకుంటే రాత్రివేళ మనసు లాగినప్పుడు ఫోన్ చేయడానికి ఒక మనిషి ఉంటాడు. మళ్లీ తాగినవారిని వెళ్లగొట్టరు.

బాధితులు మాత్రమే పాల్గొనేవి కొన్ని, కుటుంబసభ్యులు కూడా రాదగినవి కొన్ని ఉంటాయి. భార్యలు, తల్లిదండ్రుల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ సమావేశాలు వేరు. సీసాలు దాచడం, అప్పులు తీర్చడం, పనికి రానందుకు మేస్త్రీకి అబద్ధం చెప్పడం వంటివి తాగుడును ఆపవన్న సంగతి అక్కడ తెలుస్తుంది.

పేరు దాగేనా?
అసలు చిక్కు ఇక్కడే ఉంది. అనానిమస్ అంటే అనామకులని అర్థం. సమావేశంలో విన్నది, చూసినది బయట చెప్పరాదు. పట్టణంలో అది సులువు. ఎవరు ఏ బస్సెక్కారో హోటల్ దగ్గర కూర్చున్న పది మందికీ తెలిసే పల్లెలో కష్టం. విచిత్రమేమిటంటే, బెల్టు దుకాణానికి పట్టపగలు వెళ్లడానికి లేని సిగ్గు మానే చోటుకు వెళ్లడానికి అడ్డొస్తుంది. అందుకే తొలి నెలల్లో ఊరికి దూరంగా జరిగే సమావేశానికి వెళ్లడమో, ఆన్‌లైన్‌లో వినడమో ఉత్తమం.

ధైర్యం కుదిరాక స్థానికంగా బృందం ప్రారంభించుకోవడానికి ఏఏ నియమాలు అడ్డురావు. తాగుడు మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కలిస్తే అదే ఒక బృందం. కావలసింది వారానికి ఒక రోజు, ఒకే సమయం, తలుపు వేసుకోగల ఒక గది. మహిళా పొదుపు సంఘాలు ఊరూరా ఇదే పద్ధతిలో ఏళ్లుగా సమావేశమవుతున్నాయి. సంఘం సమావేశానికి వెళ్లి పొదుపు కట్టివచ్చే ఇల్లాలి భర్తకు గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం ఎలాగో కొత్తగా నేర్పనక్కరలేదు.