గింజంత రాయి, వెంట్రుకంత తీగ

నగ అనగానే మన దృష్టి బంగారం మీదికి, దాని తూకం మీదికి పోవుట సహజం. అయితే కందిగింజంత రాతిని జారిపోకుండా, దాని వన్నె మరుగుపడకుండా పట్టి ఉంచుటలోనే పనివాని నేర్పు బయటపడుతుంది. నిప్పు, టంకం, జిగురు వీటిలో ఏదీ లేకుండా, కేవలం సన్నని లోహపు తీగను చుట్టి చిన్న రాతిని బంధించే విధానాన్ని ఈ వ్యాసంలో వివరింపదలచినాను.

రెండేండ్ల కిందట మా విద్యార్థిని ఒకామె తన దాదీ వాడిన అకీక్ తస్బీలోని పూసనొకదానిని మెడలో ధరించి వచ్చింది. తస్బీ తెగిపోగా ఇంటివారు జ్ఞాపకార్థం పూసలను పంచుకొన్నారట. ఆమె తన వంతు పూసను పట్టుదారంతో కట్టుకొన్నది. నెల తిరగకముందే దారం తెగి పూస ఎక్కడో పడిపోయింది. వరండాలన్నీ వెదికినా దొరకలేదు. “దారం గట్టిదే సార్” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. దారం గట్టిదే; కాని పూస రంధ్రపు అంచు పదునైనది. మెడ కదలినప్పుడెల్లా ఆ అంచు రంపంవలె దారాన్ని కొద్దికొద్దిగా కోసింది. అక్కడ ఉండవలసినది తీగ.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1922 నుండి 1934 వరకు లియొనార్డ్ వూలీ ఇరాకులోని ఊర్ నగరంలో జరిపిన తవ్వకాలలో, సుమారు నాలుగున్నర వేల సంవత్సరాల నాటి రాజ సమాధులనుండి అకీక్ పూసలతోపాటు బంగారు తీగ చుట్టలు కూడ బయల్పడినవి. మన ప్రాంతానికి వస్తే, నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్ వద్ద నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ గారి ఆధ్వర్యంలో 1940-41లో తవ్వకాలు ప్రారంభమై, శాతవాహనుల నాటి రాతిపూసలు లభించినవి. చిన్న రాతికి నునుపు పెట్టి ధరించవలెననే కోరిక మానవునికి అంత పాతది.

ముందుగా రాతి స్వభావం తెలిసికొనవలెను. 1812లో జర్మను ఖనిజ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ మోస్ ఖనిజాల కాఠిన్యానికి పది మెట్ల కొలమానం ఏర్పరచినాడు. అందులో అకీక్ స్థానం 6.5 నుండి 7 వరకు. రాగి స్థానం 3. కనుక రాగి తీగ అకీక్‌ను గీరలేదు. ముత్యం కాఠిన్యం 2.5 నుండి 4.5 వరకే గనుక దానిపై తీగను ఒరిపిడిగా లాగరాదు.

ఇక తీగ స్వభావం. కంసాలి కమ్మచ్చు అనే ఉక్కు పలకలోని రంధ్రాలగుండా, పెద్దదానినుండి చిన్నదానికి, లోహాన్ని లాగి తీగను సన్నబరచుచుండును. అట్లు లాగినకొద్దీ లోహం బిరుసెక్కును. లోహంలోని అణువుల వరుసలు జరిగి, ఒకదానికొకటి అడ్డుపడుటయే ఇందుకు కారణం. ఎర్రగా కాల్చినచో తిరిగి మెత్తబడును. వంచినప్పుడు కూడ ఇదే జరుగుతుంది. మొదటి వంపుతో తీగకు బలం వచ్చును. అదే చోట అటు ఇటు పదిసార్లు వంచినచో విరిగిపోవును. అందుచేత ఈ పనిలో మొదటి సూత్రం ఇది: ఎక్కడ వంచవలెనో ముందే నిశ్చయించుకొని, ఒక్కసారే వంచవలెను. రాతిని బిగించిన తరువాత కాల్చి మెత్తబరచుటకు వీలులేదు. ముత్యం, ఫిరోజా వంటివి వేడికి చెడిపోవును.

రంధ్రమున్న పూసకు 0.4 మిల్లీమీటర్ల తీగ చాలును. జాన పొడవు తీగను పూసలో దూర్చి, పైభాగాన రెండు మిల్లీమీటర్ల మెడ విడిచి పక్కకు వంచవలెను. గుండ్రని మొనల పటకారుతో చిన్న ఉంగరం చేసి, మిగిలిన కొసను ఆ మెడచుట్టూ పక్కపక్కగా మూడు చుట్లు చుట్టవలెను. కొసను కత్తిరించి లోపలికి అదమవలెను. కత్తిరించునప్పుడు తుంపు కంటిలో పడకుండ చేయి అడ్డముంచుట మరువరాదు. పూస కిందనుండి జారకుండ రెండవ కొసను కూడ ఇట్లే ముగించవలెను.

రంధ్రం లేని రాయి ఇంతకంటె కష్టం. నునుపైన రాయిపై తీగకు పట్టు చిక్కదు. ఎంత బిగించినా రాయి పాదరసంవలె జారును. దానిని నిలుపునది తీగ ఆకారం. ప్రతి రాతికి ఒక నడుము, అనగా మిక్కిలి వెడల్పైన చోటు, ఉండును. తీగలు ఆ నడుమును దాటి ఇరువైపులా రాతిపైకి వంగినప్పుడే రాయి బందీ అగును. ఇందుకై 0.6 మిల్లీమీటర్ల తీగలు రెండింటిని మధ్యలో అడ్డదిడ్డముగా ఉంచి, 0.3 మిల్లీమీటర్ల తీగతో ముడివలె చుట్టవలెను. ఆ ముడిపై రాతిని నిలిపి, నాలుగు కొసలను నాలుగు వైపులనుండి పైకి తెచ్చి, శిఖరాన కలిపి చుట్టవలెను. అది మొగ్గను పట్టిన రక్షకపత్రాలవలె కనిపించును. తీగలు నాలుగు సమదూరంలో లేనిచో పెద్ద సందునుండి రాయి తప్పించుకొనును.

నేర్చుకొనువారు మొదటనే వెండి కొనవలసిన పనిలేదు. మోటార్లు చుట్టే దుకాణంలో దొరకు రాగి తీగ, రెండు పటకారులు, ఒక తీగ కత్తెర, ఇవి చాలును. ఉంగరాలన్నీ ఒకే పరిమాణంలో వచ్చువరకు రాగితోనే సాధన చేయుట మంచిది.

ఇంత జాగ్రత్త దేనికని కొందరు అడుగవచ్చును. గుజరాతులోని ఖంభాత్ అకీక్ పనికి తరతరాలుగా పేరుగన్నది. రత్నపూర్ గనుల రాతిని అక్కడ కాల్చి ఎరుపెక్కించి, చెక్కి, సానబట్టి, నునుపు పెడుదురు. సానబట్టునప్పుడు లేచు సన్నని రాతిధూళి పనివారి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధి కలిగించుచున్నది. పాడైన ఊపిరితిత్తులను పూర్వస్థితికి తేగల మందు లేదు. మన వేలిమీది రాతి మెరుపు వెనుక ఒకని శ్వాస ఉన్నదని తెలిసినవాడు దానిని నిర్లక్ష్యంగా కట్టి పోగొట్టలేడు.

మా విద్యార్థినికి ఆమె ఫుప్పీ తన వంతు పూసలలోనుండి మరొకటి ఇచ్చింది. ఈసారి ఆమె తొందరపడలేదు. మూడు వారాలు రాగి తీగతో గాజు పూసలపై సాధన చేసి, పిదప వెండి తీగతో ఆ అకీక్‌ను కట్టుకొన్నది. చుట్లు కొంచెం వంకరగా ఉన్నవి. పూస మాత్రం నేటికీ ఆమె మెడలోనే ఉన్నది.