నడుము బిగించడం, నడుము వాల్చడం

తెలుగునాట పనికి పూనుకొనేవాడు నడుము బిగిస్తాడు. పని ముగించినవాడు నడుము వాలుస్తాడు. ఈ రెండు పలుకుబడులలోని తేడాను గ్రహిస్తే, ఉదర శస్త్రచికిత్స అనంతరం ధరించే బెల్టును గురించిన సందేహాలు సగం తీరిపోతాయి.

బాలింత నడుముకు పాత నూలుచీర చుట్టడం మన పల్లెలలో తరతరాల ఆచారం. శామీర్‌పేట వంటి నగర పొలిమేరలలో ఇప్పుడు ఆ చీరకు బదులు మందుల దుకాణంలో కొన్న బెల్టు కనిపిస్తుంది. కారణం స్పష్టమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21.5 మాత్రమే.

బెల్టు విప్పితే పొట్ట సాగిపోతుందని, రాత్రి కూడా తీయవద్దని పెద్దలు ఆ తల్లులను హెచ్చరించడం కద్దు. వారి ఆదరాన్ని శంకించనక్కరలేదు. కాని బెల్టు చేసే పని వేరు. లేచేటప్పుడు, నడిచేటప్పుడు, దగ్గినప్పుడు కడుపులోని ఒత్తిడి పెరిగి కుట్లను లాగుతుంది. ఆ లాగుడును బెల్టు కొంత తాను భరిస్తుంది. నొప్పి తగ్గినవారు ధైర్యంగా నాలుగడుగులు వేయగలుగుతారు. ఆ నడకే ఊపిరితిత్తులకు, కాళ్లలోని రక్తప్రసరణకు మేలు. అంతేగాని కొవ్వును కరిగించే శక్తి దానికి లేదు.

పడుకొన్నప్పుడు ఆ లాగుడు చాలావరకు ఉండదు. కనుక వైద్యుడు ప్రత్యేకంగా చెప్పనప్పుడు రాత్రి విప్పి పడుకోవడమే సాధారణ పద్ధతి. పెద్ద కోతలు, హెర్నియా చికిత్సల అనంతరం కొద్దిరోజులు రాత్రింబవళ్లు ధరించమనే వైద్యులూ ఉన్నారు. వారి మాటే ప్రమాణం. అప్పుడైనా బెల్టు కింద అరచేయి దూరేంత వదులు ఉండాలి. శామీర్‌పేట చెరువుకైనా కట్ట ఎంత అవసరమో తూమూ అంతే అవసరం గదా! మితిమీరి బిగిస్తే శ్వాస పైపైనే ఆడుతుంది, గుండెలో మంట రేగుతుంది, వేసవి చెమటకు కుట్లు నానుతాయి.

రాత్రి దగ్గు వస్తే మెత్తని దిండును గాయంపై అదిమి పట్టుకోవాలి. లేవవలసివస్తే పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మోచేతి ఊతతో లేవాలి. ఆయాసం, జ్వరం, గాయం నుండి చీము, కొత్తగా ఉబ్బు కనిపిస్తే వైద్యుని వద్దకు వెళ్లడంలో ఆలస్యం తగదు.

బిడ్డ కోసం రాత్రి నాలుగుసార్లు లేచే తల్లికి ఇంటివారు ఒక చేయి అందిస్తే, ఏ బెల్టూ ఇవ్వలేని ఊతం దొరుకుతుంది.