గ్రూప్ కోచింగ్ అంటే ఏంటి? 1964లో కాకినాడ వ్యాపారులు హైదరాబాద్ ఎందుకు వచ్చారు?

ఈ ఎపిసోడ్ గ్రూప్ కోచింగ్ గురించి. ముందే చెప్తున్నా, గ్రూప్-1, గ్రూప్-2 కోచింగ్ కాదు! కొడిమ్యాల బస్టాండ్‌లో నిలబడి "గ్రూప్ కోచింగ్" అంటే చాలు, "ఎక్కడ అన్నా, అశోక్‌నగర్‌లనా?" అనే అడుగుతారు. మనకు కోచింగ్ అంటే సిలబస్, మెటీరియల్, మాక్ టెస్ట్. ఇది అది కాదు.

ఇక్కడ కూర్చునేది స్టూడెంట్లు కాదు, నలుగురితో పని చేయించే బాధ్యత ఉన్నవాళ్లు. రైస్ మిల్లు నడిపే ఆయన, సిరిసిల్లలో సాంచాలు నడిపే ఆసామి, ప్రైవేట్ స్కూల్ కరస్పాండెంట్, హైదరాబాద్‌లో కొత్తగా టీమ్ లీడ్ అయిన మన నాచుపల్లి జేఎన్టీయూ కాలేజీ సీనియర్. ఇట్లాంటి వాళ్లు ఆరుగురో ఎనిమిది మందో ఒక దగ్గర కూర్చుంటారు. ఒక కోచ్ ఉంటారు కానీ పాఠం చెప్పరు. ఒక్కొక్కరు తమ దగ్గర నిజంగా ఇరుక్కుపోయిన సమస్యను ముందు పెడతారు. మిగతావాళ్లు ప్రశ్నలు అడుగుతారు. ఏం చేస్తారో ఆ మనిషే తేల్చుకుని వెళ్తారు. మళ్లీ రెండు మూడు వారాలకు వచ్చి, చేశారా లేదా చెప్పాలి. అంతే.

"ఇదంతా అమెరికా ఫ్యాషన్ అన్నా, మన దగ్గర నడవదు" అనేవాళ్ల కోసం ఒక పాత కథ. 1964లో కాకినాడ నుంచి చిన్న చిన్న వ్యాపారస్తులు బ్యాచ్‌లుగా హైదరాబాద్ వచ్చారు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అని పిలిచే సంస్థ ఉంది కదా, అప్పట్లో దాని పేరు సియెట్. అక్కడ దాదాపు పది రోజులు అందరూ కలిసి ఉన్నారు. దీని వెనక ఉన్నది హార్వర్డ్ సైకాలజిస్ట్ డేవిడ్ మెక్‌క్లెలాండ్.

ఆ పది రోజుల్లో వాళ్లకు అకౌంట్స్ నేర్పలేదు, లోన్ ఇప్పించలేదు. బొమ్మలు చూపించి కథలు రాయించారు. ఆ కథల్లో "నేను ఇది సాధించాలి" అనే ఆలోచన ఎంత ఉందో వాళ్లతోనే లెక్క పెట్టించారు. రింగులు విసిరే ఆట ఆడించారు. మరీ దగ్గర నుంచి విసిరితే గెలిచినా మజా ఉండదు, మరీ దూరం నుంచి అయితే అదృష్టమే దిక్కు. కష్టమైనా అందే దూరం ఎవరు ఎంచుకుంటున్నారో తోటివాళ్ల మధ్యనే బయటపడేది. చివరికి ఎవరి లక్ష్యం వాళ్లు రాసుకుని, అందరి ముందు చెప్పి ఇంటికి వెళ్లారు.

తర్వాత ఫలితం చూడటానికి, ఈ ట్రైనింగ్ ఇవ్వని రాజమండ్రి వ్యాపారులతో పోల్చారు. కోర్సుకు వచ్చినవాళ్లలో ఎక్కువ మంది కొత్త పనులు మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువ మందికి పని ఇచ్చారు. మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి దీని మీద 1969లో పుస్తకం వేశారు. నాకు అన్నిటికంటే విలువైన మాట అనిపించింది ఇంకొకటి: ఈ మార్పు బాగా కనిపించింది తమ వ్యాపారంలో నిర్ణయం తమ చేతిలో ఉన్నవాళ్లలో. నాన్నో అన్నో గల్లా పెట్టె దగ్గర కూర్చుంటే, కొడుకు ఎంత ఉత్సాహంగా తిరిగొచ్చినా ఏం లాభం? మీ కంపెనీ మిమ్మల్ని ఇట్లాంటి ప్రోగ్రామ్‌కి పంపిస్తే ముందు అడగాల్సింది ఇదే: తిరిగొచ్చాక నా చేతిలో ఏం పెడతారు?

ఇంగ్లండ్‌లో రెగ్ రెవాన్స్ అనే ఆయన 1940ల్లోనే బొగ్గు గనుల మేనేజర్లకు ఇదే దారి చెప్పారు. బయటి నిపుణుల లెక్చర్ల కంటే, ఒక గని మేనేజర్ ఇంకో గని మేనేజర్ దగ్గర ఎక్కువ నేర్చుకుంటాడని ఆయన వాదన.

మరి గుంపులో ఎందుకు పని చేస్తుంది? ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక ఆసామి అంటాడు, "కార్మికులు నిలుస్తలేరు, కూలి పెంచితే నాకు మిగలదు." ఆయన బుర్రలో సమస్య పేరు కూలి. పక్కన స్కూల్ కరస్పాండెంట్ అడుగుతాడు, "మా దగ్గర కూడా జూన్ రాంగనే టీచర్లు పోతరు. పోయినోళ్లను ఎందుకు పోయిండ్రని నువ్వెప్పుడన్నా అడిగినవా?" ఆసామి దగ్గర జవాబు లేదు. కూలి కావచ్చు, రాత్రి షిఫ్ట్ కావచ్చు, మాట తీరు కావచ్చు. సొంత ఫీల్డ్ వాళ్లయితే "అవునన్నా, కార్మికులే దొరుకుతలేరు" అని తలూపి వదిలేసేవాళ్లు. వేరే ఫీల్డ్ మనిషికి ఆ అలవాటు లేదు కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది.

ఇంకోటి, ఒంటరితనం. పైన కూర్చున్న మనిషి తన భయం కింద పనిచేసేవాళ్లకు చెప్పలేడు, ఇంట్లో చెప్తే వాళ్లూ భయపడతారు. అదే బరువు మోస్తున్న ఇంకో ఐదుగురి ముందు చెప్పుకోవచ్చు. ఖర్చూ పంచుకోవచ్చు. ఒక్కరే కోచ్‌ని పెట్టుకోలేని చిన్న వ్యాపారికి ఇది చిన్న విషయం కాదు.

నిజం చెప్పాలంటే మన అమ్మలకు ఇది కొత్త కాదు. పది పదిహేను మంది మహిళా సంఘంలో కూర్చుని, అప్పు ఎవరికి ఇవ్వాలి, కట్టకపోతే ఏం చేయాలి అని తేల్చుకుంటూనే లీడర్లయ్యారు. గ్రామ సంఘం, మండల సమాఖ్య దాకా ఎదిగారు. అట్లా అనుభవం వచ్చిన మన అక్కలు బీహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, అక్కడి ఊళ్లలోనే ఉండి సంఘాలు పెట్టించి వచ్చారు.

అయితే జాగ్రత్త. ఐదొందల మందిని ఫంక్షన్ హాల్‌లో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టించేది గ్రూప్ కోచింగ్ కాదు, దానికి వేల రూపాయలు కట్టకండి. ఒకే వీధిలో పోటీ పడే ఇద్దరిని ఒకే గ్రూపులో పెట్టొద్దు. పార్ట్‌నర్‌తో గొడవ లాంటివి గ్రూపులో విప్పేవి కావు, వాటికి విడిగా ఒకరితో మాట్లాడటమే నయం. మన దగ్గర అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏంటంటే, పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి చాయ్ హోటల్‌కి చేరుతుంది! మాట బయటికి పోతే ఆ గ్రూప్ అయిపోయినట్టే. అందుకే ఫోన్లు పక్కన, రికార్డింగ్ లేదు, వాట్సాప్ గ్రూపులో మీటింగ్ టైమ్ తప్ప ఇంకేం రాయొద్దు.

కోచ్ దొరక్కపోయినా ఆరుగురితో మొదలుపెట్టొచ్చు. ఒకరు టైమ్ చూడాలి. ఒక్కో మనిషికి అరగంట, అందులో మొదటి పదిహేను నిమిషాలు ప్రశ్నలే, సలహాలు బంద్. మొదటిసారి ఈ పదిహేను నిమిషాలు చాలా కష్టంగా ఉంటాయి, ఎందుకంటే "నేనైతే ఏం చేస్తనంటే" అనకుండా ఉండటం మనకు అస్సలు రాదు. మొదటి మీటింగ్‌కి ముగ్గురే వచ్చినా నడిపించండి.