కాంటెక్స్ట్ ఇంజనీరింగ్

ఏఐ ఏజెంట్‌కు పని అప్పగించేటప్పుడు దాని ముందు ఏ సమాచారం ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి అని తేల్చే పద్ధతే కాంటెక్స్ట్ ఇంజనీరింగ్. 2025 జూన్‌లో షాపిఫై అధిపతి టోబీ ల్యూట్కె, ఏఐ నిపుణుడు ఆండ్రే కార్పతీ ఈ మాటకు ప్రచారం తెచ్చారు.

మోడల్ ఒక విడతలో చదవగలిగినదానికి హద్దు ఉంటుంది. హద్దు దాటకపోయినా, పొడవైన పాఠం నడుమనున్న వివరాలను మోడళ్లు తరచూ జారవిడుస్తాయని 2023 నాటి ఒక పరిశోధన చూపింది. అందుకే మనం దాచుకున్న నోట్సును ఏజెంట్‌కు ఇచ్చే ముందు వడపోసే టూల్స్ వచ్చాయి. ఉదాహరణకు ‘జీఎస్టీ’ ట్యాగ్, ఈ ఏడాది తేదీ ఉన్నవే కావాలంటే అవే ఏజెంట్‌కు చేరతాయి. పెళ్లిఖర్చుల చిట్టా బయటే ఆగిపోతుంది. (ట్యాగులు సరిగా పెట్టి ఉంటేనే సుమా!)

వడపోతకు ఖర్చు కూడా ఒక కారణం: డెవలపర్లకు బిల్లు సాధారణంగా టోకెన్ల (మోడల్ చదివే మాట ముక్కల) లెక్కన పడుతుంది, పనికిరాని నోట్సుకు కూడా.