శిలీంధ్రాల ఆయువుపట్టు కాల్షియం ద్వారాలు

2021లో కరోనా రెండో విజృంభణ వెన్నంటి వచ్చిన బ్లాక్ ఫంగస్ వ్యాధి దేశాన్ని వణికించింది. ఆ ఏడాది జులై నాటికి 45 వేలకు పైగా కేసులు, నాలుగు వేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లకు తీవ్రమైన కొరత ఏర్పడింది. శిలీంధ్ర వ్యాధులపై వైద్యుల అమ్ములపొదిలో ఉన్న అస్త్రాలు ఎంత స్వల్పమో ఆ విపత్తు చాటిచెప్పింది.

ఈ కొరతకు మూలం జీవశాస్త్రంలోనే ఉంది. బాక్టీరియా కణానికీ, మానవ కణానికీ పోలికలు తక్కువ. శిలీంధ్ర కణం అలా కాదు. అది మన కణానికి దగ్గరి బంధువు. దానిని చంపే మందు రోగికీ హాని చేయవచ్చు. అందుకే శరీరం లోపలికి పాకిన శిలీంధ్రాలపై వాడే మందులు ప్రధానంగా నాలుగు తరగతులకే పరిమితమయ్యాయి. 2009లో జపాన్‌లో గుర్తించిన కాండిడా ఆరిస్ తదనంతరం భారత ఆసుపత్రులలోనూ పాగా వేసింది. దానిపై ఫ్లూకోనజోల్ చాలా సందర్భాలలో పనిచేయడం లేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో అది అగ్రశ్రేణిలో చేరింది.

ఈ పరిస్థితిలో శాస్త్రజ్ఞుల దృష్టి కాల్షియం ద్వారాలపై పడింది. కణం లోపల కాల్షియం అత్యల్పంగా ఉంటుంది. వెలుపల వేల రెట్లు అధికం. మందు తాకిడికి శిలీంధ్ర కణపు పొర దెబ్బతినగానే సీసీహెచ్1, మిడ్1 అనే ప్రోటీన్లతో ఏర్పడిన ద్వారం తెరుచుకుంటుంది. లోనికి వచ్చిన కాల్షియం ప్రమాద ఘంటిక వంటిది. అది కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము ఆత్మరక్షణకు కావలసిన జన్యువులను పనిలోకి దింపుతుంది. ఆ విధంగా శిలీంధ్రం మందు దెబ్బను తట్టుకుని బతుకుతుంది.

ఈ ఘంటిక మోగకుండా చేస్తే ఫలితం గణనీయం. ఫ్లూకోనజోల్ ఒక్కటే అయితే కాండిడా పెరుగుదలను నిలుపుతుందే గాని చంపదు. కాల్సిన్యూరిన్‌ను అడ్డగించే మందు తోడైతే చంపగలదని ప్రయోగశాలలో రుజువైంది. మెదడు పొరల వాపు కలిగించే క్రిప్టోకాకస్ మానవ శరీర ఉష్ణోగ్రత వద్ద పెరగాలంటే ఈ ఎంజైము తప్పనిసరి అని 1997లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. బ్లాక్ ఫంగస్ కుటుంబానికి చెందిన మ్యూకర్ కూడా ఈ ఎంజైము లేనిదే కణజాలంలోకి చొచ్చుకుపోయే పోగులుగా ఎదగలేదు.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాల్సిన్యూరిన్‌ను అడ్డగించే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందులు అవయవ మార్పిడి రోగులకు వ్యాధినిరోధక శక్తిని అణచేందుకు ఇచ్చేవే. దొంగను పట్టబోయి కావలివాని చేతులు కట్టినట్లవుతుంది. రక్తపోటుకు వాడే వెరాపమిల్ వంటి కాల్షియం నిరోధకాలు సైతం ఫ్లూకోనజోల్ శక్తిని పెంచినట్లు పరీక్షలలో కనిపించింది. కానీ రోగి గుండెపై వాటి ప్రభావాన్ని విస్మరించరాదు.

కాబట్టి మన కణాలను తాకకుండా శిలీంధ్రపు ద్వారాన్ని మాత్రమే మూసే మందు కావాలి. మానవ ప్రోటీన్లతో పోలిక స్వల్పంగా ఉన్న మిడ్1 వంటి భాగాలపై ఆశ అందుకే. అటువంటి మందు లభిస్తే చవకైన పాత ఫ్లూకోనజోల్‌కే కొత్త పదును వస్తుంది. మధుమేహ రోగులు కోట్లలో ఉన్న భారతదేశానికి ఈ పరిశోధన కేవలం ప్రయోగశాల ముచ్చట కాదు. ఔషధ పరిశ్రమ, ప్రభుత్వం కలసి పెట్టుబడి పెట్టవలసిన అత్యవసర రంగం.