అంకెలను బట్టి ఆటయంత్రముల బలము తెలియునా?

టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటయంత్రములలో క్రొత్త తరము వచ్చుచున్నదనగానే, ఏది మిన్న యను వాదములు బయలుదేరును. యంత్రము చేతికి రాకమునుపే దాని బలమును లెక్కకట్టుట యెట్లు?

బొమ్మలను గీయు చిప్పులో అనేక గణన విభాగములుండును. గడియారపు టిక్కువంటి ఒక్కొక్క స్పందనకు ఒక్కొక్క విభాగము 128 గణనలు చేయగలదు. 2020 మార్చిలో ప్రకటించిన వివరముల ప్రకారము ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లో విభాగములు 52, సెకనుకు స్పందనలు 182.5 కోట్లు. ప్లేస్టేషన్ 5లో విభాగములు 36, స్పందనలు గరిష్ఠముగా 223 కోట్లు. విద్యార్థులు హెచ్చవేసి చూడవచ్చును: మొదటిదానికి సెకనుకు సుమారు 12.15 లక్షల కోట్ల గణనలు, రెండవదానికి 10.28 లక్షల కోట్లు వచ్చును.

మొదటిది నూటికి 18 వంతులు అధికము గనుక అదియే గెలుచునని పలువురు తలచిరి. ఆ నవంబరులోనే రెండును విడుదలయ్యెను. పెక్కు ఆటలలో భేదము కంటికి ఆననేలేదు. అసాసిన్స్ క్రీడ్ వల్హాల్లా తొలినాళ్లలో ప్లేస్టేషనుపైననే నిలుకడగా నడచెను.

ఇట్లగుటకు కారణమేమి? మన తిరువళ్ళూరు పల్లెలలో వరికోతకు 52 మంది దిగినను, అందరికిని ఎడతెగక పని అందినప్పుడే లెక్క సరిపోవును. 36 మందియే చురుకుగా కోసినచో అంతగా వెనుకబడరు. పైగా స్పందనలు హెచ్చినచో చిప్పులోని తక్కిన భాగములును వేగముగా పనిచేయును. ఆటను రూపొందించువారి నేర్పును లెక్కలో చేర్చవలసినదే.

కావున గుణకారము యంత్రము చేయగల గరిష్ఠమును చెప్పునే గాని, చేసి చూపు ఫలితమును చెప్పదు. తల్లిదండ్రులు కొనుటకు ముందు, పిల్లలు వాదించుటకు ముందు, ఆట నడచు తీరును కన్నులార చూడుట మేలు.