టీవీ చర్చల్లో సమాచారం ఎంత?

మీరు అండమాన్ నికోబార్ దీవుల్లో కొత్తగా ఓటు హక్కు పొందారని ఒక్క క్షణం ఊహించుకోండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నివసించే సుమారు 3 లక్షల 80 వేల మందిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే. కాబట్టి మీ తాతగారు శ్రీకాకుళం నుంచో విశాఖపట్నం నుంచో ఓడెక్కి, సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చినవారు కావచ్చు. ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు. దీవులన్నిటికీ కలిపి లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క స్థానం. 2019లో ఆ స్థానంలో గెలిచిన అభ్యర్థికి, ఓడిన అభ్యర్థికి మధ్య తేడా 1,407 ఓట్లు మాత్రమే!

ఇంత బరువైన ఓటు చేతిలో ఉన్నవారు ఎన్నికల చర్చలను కళ్లప్పగించి చూడాలి కదా! కాని రాజకీయాలు బాగా తెలిసినవారే, దినపత్రికను ఆసాంతం చదివేవారే, చర్చ మొదలైన పది నిమిషాలకు “ఇందులో కొత్తేముంది?” అంటూ చానల్ మార్చడం మీరు గమనించే ఉంటారు. ఆసక్తి ఉన్నవారికే ఆసక్తి ఎందుకు పోతుంది? దీనికి సోమరితనం కారణమా? లేక విజ్ఞానశాస్త్రం వివరించగల కారణం ఏదైనా ఉందా?

ప్రైమరీలనే ప్రయోగశాల

ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికాలోని ప్రైమరీ చర్చలు చక్కని ప్రయోగశాల వంటివి. మన దేశంలో అభ్యర్థి ఎవరో పార్టీ నాయకత్వం నిర్ణయిస్తుంది. 2014లో కాంగ్రెస్ పార్టీ కొద్ది నియోజకవర్గాల్లో అభ్యర్థులను కార్యకర్తల ఓటుతో ఎంపిక చేసే ప్రయోగం చేసింది గాని, అది ఆనవాయితీగా మారలేదు. అమెరికాలో మాత్రం ఒకే పార్టీ తరఫున పోటీపడాలనుకునేవారి నుంచి ఒకరిని ఓటర్లే ఎన్నుకుంటారు. ఈ ముందస్తు ఎన్నికే ప్రైమరీ. దానికి ముందు నెలల తరబడి టీవీలో చర్చలు జరుగుతాయి. ఒక్కో చర్చను ఎందరు చూశారో లెక్కలు కూడా దొరుకుతాయి.

ఆ లెక్కలు చూద్దాం. 2019 జూన్‌లో డెమొక్రటిక్ పార్టీ తొలి చర్చ రెండు రాత్రులు జరిగింది. మొదటి రాత్రి సుమారు 1 కోటి 53 లక్షల మంది, రెండో రాత్రి 1 కోటి 81 లక్షల మంది చూశారు. అదే సంవత్సరం డిసెంబరు వచ్చేసరికి ప్రేక్షకుల సంఖ్య 62 లక్షలకు పడిపోయింది. 2023లో రిపబ్లికన్ పార్టీ చర్చలదీ అదే దారి. ఆగస్టులో 1 కోటి 28 లక్షలు, సెప్టెంబరులో సుమారు 95 లక్షలు, నవంబరులో 75 లక్షలు, డిసెంబరులో 40 లక్షల చిల్లర.

తొందరపడి తీర్పు చెప్పకూడదు. చర్చలను ప్రసారం చేసిన చానళ్లు మారాయి. 2023 డిసెంబరు నాటి చానల్ మిగతావాటికంటే చిన్నది. పైగా చూడటం మానినవారిలో రాజకీయాసక్తి గలవారు ఎందరో ఈ అంకెలు విడిగా చెప్పవు. అయితే 2020 ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన డెమొక్రటిక్ చర్చను చూడండి. తగ్గుతూ వచ్చిన ప్రేక్షకుల సంఖ్య ఒక్కసారిగా 1 కోటి 97 లక్షలకు లేచింది! జనం నిజంగా విసిగిపోయి ఉంటే మళ్లీ ఎందుకు వచ్చారు? ఆ రాత్రి రెండు విశేషాలున్నాయి. అంతవరకు వేదిక ఎక్కని మైకేల్ బ్లూమ్‌బర్గ్ తొలిసారి చర్చలో పాల్గొన్నారు. ఆ రాష్ట్రంలో ఓటింగు మూడే రోజుల్లో ఉంది. అంటే ఏం జరుగుతుందో ముందుగా తెలియదు, జరిగేదానితో పనీ ఉంది. ఈ రెండు మాటలను గుర్తుపెట్టుకోండి.

ఆశ్చర్యాన్ని కొలవవచ్చు

1948లో అమెరికన్ గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ సమాచారాన్ని కొలిచే పద్ధతిని ప్రతిపాదించాడు. దాని సారం చాలా సులభం. ముందే తెలిసిన కబురులో సమాచారం ఉండదు. ఊహించని కబురులోనే ఎక్కువ సమాచారం ఉంటుంది. రేపు సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని ఎవరైనా చెబితే మీకు తెలిసిన కొత్త విషయం సున్న. నాణెం ఎగరవేసి బొమ్మో బొరుసో చెబితే ఒక ‘బిట్’ సమాచారం అందినట్లు.

ఇప్పుడు ఒక ప్రశ్నకు అభ్యర్థి ‘అవును’ అంటాడో ‘కాదు’ అంటాడో మీకు ఏమాత్రం తెలియదనుకుందాం. అతని జవాబు మీకు సగటున 1 బిట్ సమాచారం ఇస్తుంది. ‘అవును’ అంటాడని మీకు 90 శాతం నమ్మకం ఉంటే ఆ సమాచారం 0.47 బిట్‌కు తగ్గుతుంది. నమ్మకం 99 శాతమైతే 0.08 బిట్ మాత్రమే. చూశారా! ప్రశ్న అదే, జవాబూ అదే. వినేవారిలో ఒకరికి అది వార్త; మరొకరికి అందులో పన్నెండో వంతు కూడా కాదు. అభ్యర్థుల ప్రసంగాలన్నీ విన్న ఓటరు ఈ రెండోవాడు. చర్చల వరసలో మొదటిది అతనికి కొంత నేర్పుతుంది. ఐదోది వచ్చేసరికి అభ్యర్థి వాక్యం మొదలుపెడితే అతనే పూర్తి చేయగలడు.

మెదడు కూడా ఇదే సూత్రాన్ని పాటిస్తుంది. గడియారం ఉన్న గదిలోకి వెళ్లగానే టిక్కుటిక్కు వినిపిస్తుంది, కాసేపటికి వినిపించదు. దీనిని అలవాటుపడటం అంటారు. రష్యన్ శాస్త్రవేత్త యెవ్‌గెనీ సొకొలోవ్ 1960 ప్రాంతాల్లో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. మెదడు తాను ఎదురుచూసేదాని నమూనాను తయారుచేసుకుంటుంది. వచ్చిన సంకేతం ఆ నమూనాతో సరిపోతే పట్టించుకోవడం తగ్గిస్తుంది, సరిపోకపోతే వెంటనే అప్రమత్తమవుతుంది. గడియారం ఆగిపోతే మనకు చటుక్కున తెలియడం అందుకే.

కేకలు సమాచారమా?

అయితే మీకు ఒక సందేహం రావాలి. ఆశ్చర్యమే సమాచారమైతే, చర్చలో ఒకరినొకరు తిట్టుకుంటే బోలెడు సమాచారం దొరికినట్లా? షానన్ తన సిద్ధాంతంలో అర్థాన్ని పక్కన పెట్టాడు. టీవీ తెరమీద మెరిసే చుక్కల గోలను కూడా ఎవరూ ముందుగా ఊహించలేరు. అయినా అది మనకెందుకూ పనికిరాదు. కాబట్టి రెండో షరతు కావాలి. ఒక కబురు మన నిర్ణయాన్ని మార్చగలిగితేనే దానికి విలువ. కేకలు కాసేపు కళ్లను కట్టిపడేస్తాయి. కాని ఎవరికి ఓటు వేయాలో తేల్చుకోవడానికి అవి సాయపడవని అనుభవజ్ఞుడైన ఓటరుకు తెలుసు.

చర్చ కట్టుబడి కూడా ఈ విలువను తగ్గిస్తుంది. వేదికమీద పదిమంది, సమయం రెండు గంటలు అనుకోండి. మనిషికి 12 నిమిషాలు. ప్రకటనలకు, ప్రశ్నలకు 40 నిమిషాలు తీసేస్తే మిగిలేది 8 నిమిషాలు. పది విషయాలు చర్చకు వస్తే ఒక్కో విషయానికి 48 సెకన్లు! అంత తక్కువ వ్యవధిలో వల్లెవేసిన వాక్యం తప్ప మరేం చెప్పగలరు? పైగా అందరిదీ ఒకే పార్టీ కనుక విధానాల్లో తేడా స్వల్పం.

దీనికి భిన్నమైన ఉదాహరణ 1948 మే 17న ఆరెగన్ రాష్ట్రంలో జరిగిన రిపబ్లికన్ ప్రైమరీ రేడియో చర్చ. టామస్ డ్యూయీ, హెరాల్డ్ స్టాసెన్ అనే ఇద్దరు ఒక గంటసేపు ఒకే ప్రశ్నపై వాదించారు. కమ్యూనిస్టు పార్టీని నిషేధించాలా వద్దా అన్నదే ఆ ప్రశ్న. నిషేధించాలని స్టాసెన్, వద్దని డ్యూయీ. దానిని కోట్ల మంది విన్నారని అంచనా. తేడా స్పష్టంగా ఉంటే, సమయం చాలినంత ఉంటే, శ్రోతలకు కొరత లేదు.

‘నాకు తెలుసు’ అన్న ప్రమాదం

ఇంతవరకు చూస్తే చానల్ మార్చిన ఓటరుదే న్యాయం అనిపిస్తుంది. కాని నాణేనికి మరోవైపు ఉంది. 1940 ఎన్నికల సమయంలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అమెరికాలోని ఈరీ కౌంటీలో 600 మందిని నెలల తరబడి మళ్లీ మళ్లీ ప్రశ్నించింది. ఎన్నికల ప్రచారాన్ని ఎక్కువగా చదివేవారు, వినేవారు ఎవరో తెలుసా? ముందే నిర్ణయం తీసుకున్నవారు! వారు ఎక్కువగా విన్నది కూడా తమ పార్టీ మాటలే. ప్రచారం చాలామంది అభిప్రాయాన్ని మార్చలేదు, ఉన్నదాన్నే గట్టిపరచింది.

అంటే ‘అతను ఏమంటాడో నాకు 99 శాతం తెలుసు’ అన్న నమ్మకం జ్ఞానం వల్ల రావచ్చు. ఒకవైపే వినడం వల్లా రావచ్చు. లోపలినుంచి చూసుకుంటే రెండూ ఒకేలా ఉంటాయి. విసుగు నిజానికి ఒక జోస్యం. అది సరైన జోస్యమా కాదా అన్నది పరీక్షిస్తేనే తెలుస్తుంది.

మళ్లీ దీవులకు

ఇప్పుడు తిరిగి అండమాన్‌కు వద్దాం. మన దేశంలో ఎన్నికల వేళ దూరదర్శన్, ఆకాశవాణులలో గుర్తింపు పొందిన పార్టీలకు ఉచితంగా సమయం కేటాయిస్తారు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో లాటరీ తీసి నిర్ణయిస్తారు. పార్టీల ప్రతినిధులతో చర్చలు జరిపే వీలు కూడా ఈ పథకంలో ఉంది. అయితే లోక్‌సభలోని 543 స్థానాల్లో అండమాన్‌ది ఒకటి. దేశమంతటికీ ఉద్దేశించిన చర్చలో ఆ దీవుల ఓడ టికెట్ల మాట, తాగునీటి మాట ఎంతసేపు వస్తుంది? అక్కడి ఓటరు వినేది తాను ముందే ఊహించగల మాటలు, తన నిర్ణయంతో అంతగా పనిలేని మాటలు. మనం గుర్తుపెట్టుకున్న రెండు షరతులూ ఒకేసారి తప్పుతున్నాయి.

పురపాలక ఎన్నికలో సంగతి వేరు. 2022 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలికి ఎన్నికలు జరిగాయి (2024లో ఈ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది). మొత్తం 24 వార్డులు. ఏ పార్టీకీ సొంతంగా ఆధిక్యం రాలేదు. రెండు వార్డులు గెలిచిన తెలుగుదేశం పార్టీ సభ్యురాలు 2023 మార్చిలో భారతీయ జనతా పార్టీ మద్దతుతో అధ్యక్షురాలయ్యారు. వార్డు అభ్యర్థి గుమ్మం ముందుకు వస్తాడు. “మా వీధి కుళాయికి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి?” అని అడిగితే ఏం చెబుతాడో ముందుగా తెలియదు. చెప్పింది నిజమో కాదో నెల తిరిగేలోగా తేలిపోతుంది.

పెద్ద విషయాలకూ ఇదే కిటుకు పనిచేస్తుంది. గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, నగరం నిర్మించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. “మీరు అభివృద్ధి పక్షమా, అడవి పక్షమా?” అని అడిగితే వచ్చే జవాబు ఎవరైనా ఊహించగలరు. “నరికే అడవికి బదులు ఎక్కడ, ఎన్ని ఎకరాల్లో పెంచుతారు? షోంపెన్ల సమ్మతి ఎలా తెలుసుకున్నారు? తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాన్ని ఎవరు పర్యవేక్షిస్తారు?” అని అడగండి. పథకాన్ని సమర్థించేవారైనా, వ్యతిరేకించేవారైనా కొత్తగా ఆలోచించి చెప్పక తప్పదు. అడిగే ఆసక్తిపరులు చానల్ మార్చి వెళ్లిపోతే, కొత్తగా ఓటు వచ్చినవారికి చర్చలో మిగిలేవి కేకలే. ఆ గిరిజనులలో ఏడుగురు 2024లో తొలిసారిగా ఓటు వేశారు. వారి ఓటుకూ మీ ఓటుకూ విలువ ఒక్కటే.

మీరే చేసి చూడండి

ఈసారి ఎన్నికల చర్చ వచ్చినప్పుడు ఒక కాగితంమీద మూడు గడులు గీయండి. ప్రశ్న అడగగానే, జవాబు వినకముందే, అభ్యర్థి ఏమంటాడో మొదటి గడిలో రాయండి. మీ నమ్మకం ఎంత శాతమో రెండో గడిలో వేయండి. జవాబు విన్నాక అది మీ ఓటును మార్చగలదా లేదా అన్నది మూడో గడిలో గుర్తుపెట్టండి. మీరు వ్యతిరేకించే పార్టీ వారి జవాబులను విడిగా లెక్కించడం మరవకండి.

పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి మీ ఊహ సరిపోతే మీ విసుగుకు ఆధారం ఉన్నట్లే. ఆ చర్చ మీకు నేర్పేది తక్కువ. సగమే సరిపోతే మాత్రం టీవీ కట్టేయకండి. మీకు తెలుసనుకున్నది మీకు తెలియదన్నమాట. ఊహ తప్పిన ప్రశ్నలను విడిగా రాసిపెట్టుకోండి. మీ ఊరికి ఓటు అడగడానికి వచ్చినవారిని మొదట అడగవలసినవి అవే.